కూత వినిపించినా పిల్లలు కనిపించని వాగు: మలబార్ చెట్టు గోదురుకప్ప మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసు కర్ణాటక మలెనాడులో, పశ్చిమ కనుమల వాలు మీద, ఒక వక్కతోట అంచున పారే సన్నని అడవి వాగుకు సంబంధించినది. ఊరి పేరు, తాలూకా, సంవత్సరాలు, తోట కుటుంబం వివరాలు కావాలనే రాయడం లేదు. అరుదైన కప్ప ఫలానా చోట ఉందని తెలిస్తే ఫొటోల కోసం రాత్రిళ్లు టార్చిలైట్లతో వచ్చే మనుషుల తాకిడిని ఆ కొద్ది మీటర్ల వాగు తట్టుకోలేదన్నది ఒక కారణం. తమ తోటలో జరుగుతున్నదాన్ని దాచకుండా చూపించిన కుటుంబం పట్ల నాకున్న బాధ్యత రెండో కారణం. ఉభయచరాలను అవి బతికే చోటనే గమనించి నమోదు చేయడం నా వృత్తి. ఈ కేసులో నేను ఒకటికి మించి తప్పు నిర్ణయాలు తీసుకున్నాను, వాటిలో ఒకటి వేరొకరికి పంట నష్టం తెచ్చింది. ఆ నిర్ణయాల వెనక ఏ ఆలోచన ఉందో, అది ఎక్కడ దారి తప్పిందో ఇదే పనిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

నేపథ్యం

మలబార్ చెట్టు గోదురుకప్పను 1876లో జంతుశాస్త్రవేత్త ఆల్బర్ట్ గుంథర్ పెడోస్టైబిస్ ట్యుబర్క్యులోసస్ అన్న పేరుతో వర్ణించాడు. పశ్చిమ కనుమల్లో తప్ప ఇది మరెక్కడా లేదు. 2004 మదింపులో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. గోదురుకప్ప అనగానే మనకు గుర్తొచ్చేది వీధి దీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చునే, ఒళ్లంతా పొక్కులున్న లావుపాటి కప్ప. ఇది ఆ కుటుంబానిదే గానీ పొడవు నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. వేళ్ల చివరలు చదునుగా, కాస్త వెడల్పుగా ఉండి ఆకును పట్టుకోవడానికి వీలిస్తాయి. శరీరం పక్కల వెంట తెల్లటి పొక్కుల వరుస ఒకటి సాగుతుంది. చీకట్లో టార్చి వెలుగు పడగానే ముందుగా కంటికి ఆనేది ఆ వరుసే. మగకప్ప కూత సన్నగా, కీచురాయి రొదను పోలి ఉంటుంది కాబట్టి దాన్ని ఏళ్ల తరబడి విన్నవారు కూడా అది కప్ప అని అనుకోరు.

ఏడాదిలో ఎక్కువ కాలం చెట్ల మీదా పొదల మీదా గడిపే ఈ జీవి గుడ్లు పెట్టడానికి మాత్రం కిందికి దిగి వాగుకు రావాలి. నైరుతి రుతుపవనాలకు ముందు పడే పెద్ద వానల తర్వాత, మే చివరి నుంచి జూన్ మొదటి వారాల లోపు, కొద్ది రాత్రులు మాత్రమే ఆ రాక ఉంటుంది. ఆగ్నేయాసియా చెట్టు గోదురుకప్పలను ఒకప్పుడు ఇదే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ఉంచేవారు. 2016లో వాటిని రెంటాపియా అనే వేరే ప్రజాతిగా విడదీశారు. పేర్ల మార్పు మాత్రమే కదా అనిపించవచ్చు గానీ, క్షేత్రంలో పనిచేసేవారికి అది ముఖ్యం, ఎందుకంటే దగ్గరి చుట్టమనుకున్న జాతి గురించి తెలిసినదాన్ని దీనికి అలాగే అన్వయించే వీలు అంతటితో పోయింది. దీని సంగతి దీని దగ్గరే తెలుసుకోవాలి.

వాగు పుట్టేది సతత హరిత అడవి ముక్కలో. అక్కడి నుంచి సొప్పిన బెట్ట గుండా దిగి, లోయ అడుగున ఉన్న వక్కతోటను ఒరుసుకుంటూ పోతుంది. సొప్పిన బెట్ట అంటే వక్కతోటలకు ఎరువుగా పచ్చి ఆకు, ఎండుటాకు తెచ్చుకోవడానికి తోటదారులకు పూర్వం నుంచి హక్కు ఉన్న అడవి నేల. వేసవిలో వాగు దాదాపు ఎండిపోయి, రాళ్ల మధ్య మూడు నాలుగు మడుగులుగా మిగులుతుంది. తోట సరిహద్దుకు పైన, చెట్ల నీడలో ఉన్నదాన్ని పై మడుగు అని, తోట అంచున ఉన్నదాన్ని కింది మడుగు అని, దానికి మరికొంత దిగువన ఉన్న లోతైన గుంటను అడుగు మడుగు అని మా నోట్సులో రాసుకున్నాం.

ఎదురైన సమస్య

మొదటి ఏడాది అన్నీ సవ్యంగానే కనిపించాయి. తొలి పెద్ద వాన పడిన రాత్రి మగకప్పలు కూశాయి, రెండో రాత్రి జంటలు నేలకు దిగాయి, కింది మడుగులో నీట మునిగిన సన్నని వేళ్లకు చుట్టుకుని జిగురు గుడ్ల దండలు కనిపించాయి. జులైలో మడుగు పక్కన నాచు పట్టిన రాళ్ల మీద చిటికెన వేలి గోటి కంటే చిన్న పిల్లకప్పలు తిరుగుతుండగా చూశాం.

రెండో ఏడాది కూతలు అలాగే వినిపించాయి. జులైలో పిల్లకప్ప ఒక్కటీ లేదు. ఒక పెద్ద వరద గుడ్లను కొట్టుకుపోయి ఉంటుందనుకుని నోట్సులో కారణం రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాను. మూడో ఏడాది కూడా అంతే జరిగినప్పుడు మాత్రం ఆందోళన మొదలైంది. ఎందుకంటే మేము పెద్ద ప్రాంతం మీద చేస్తున్న సర్వే అంతా కూతల లెక్క మీదే ఆధారపడి ఉంది, ఆ లెక్క ప్రకారం ఈ వాగు ఆరోగ్యంగా ఉంది. కూసేది పెద్ద కప్ప. ఆ పెద్ద కప్ప కొన్నేళ్లు బతికితే, పిల్లలు ఒక్కటీ మిగలని వాగులో కూడా కూత కొన్నేళ్లు కొనసాగుతుంది. కూత ఆగిపోయాక మేలుకుంటే అప్పటికి కాపాడడానికి ఏమీ మిగలదు.

అందుకే ప్రశ్నను మార్చుకున్నాను. ఈ చోటు కప్పకు తగినదేనా అని అడగడం మానేసి, జీవితచక్రంలో ఏ మెట్టు దగ్గర తెగుతోంది అని అడగడం మొదలుపెట్టాను. మగవి కూస్తున్నాయి కాబట్టి పెద్ద కప్పలున్నాయి. జంటలు వాగుకు వస్తున్నాయి కాబట్టి చెట్టు నుంచి నీటి దాకా ఉన్న దారి మూసుకుపోలేదు. గుడ్లు పడుతున్నాయి. మొదటి రోజున గుడ్డు లోపలి నల్లని చుక్క గుండ్రంగా, బిగువుగా ఉంది. మూడో రోజుకు అదే చుక్క తెల్లబడి, చుట్టూ దూది లాంటి బూజు పట్టింది. అంటే తెగుతున్నది గుడ్డు దగ్గరే, అదీ పొదగడానికి ముందే.

కప్పల మరణం అనగానే మనసులోకి వచ్చే కైట్రిడ్ శిలీంధ్రాన్ని ఈ ఆధారంతోనే పక్కన పెట్టాను. పశ్చిమ కనుమల్లో దాని ఉనికి 2011లో నమోదైంది, అందుకే మేము వాగు నుంచి వాగుకు వెళ్లేటప్పుడు బూట్లను మందునీటితో కడుగుతాం. కానీ ఆ శిలీంధ్రానికి కావలసింది కెరాటిన్. అది పెద్ద కప్పల చర్మంలో, తోకకప్పల నోటి భాగాల్లో ఉంటుంది గానీ గుడ్డులో ఉండదు. పొదగని గుడ్డు చావును దానికి అంటగట్టలేం.

ప్రయత్నించినవి, ఫలించనివి

బూజును చూసి అదే కారణమని నమ్మడం నా మొదటి తప్పు. నీటిలో చచ్చిన గుడ్డు మీద బూజు పట్టడం సహజం. శవం మీద ఈగ వాలినట్టు అది తర్వాత వచ్చేదే. ఆ సంగతి తెలిసి కూడా, కళ్ల ముందు తెల్లని దూది ఒక గుడ్డు నుంచి పక్క గుడ్డుకు పాకుతుంటే ఊరుకోలేకపోయాను. అటవీ శాఖ అనుమతి తీసుకుని, తాజా గుడ్ల దండల్లో కొంత భాగాన్ని విడదీసి, తోట పాకలో పెట్టిన ప్లాస్టిక్ తొట్లలోకి మార్చాం. గుడ్లకు అలవాటైన నీరే ఉండాలన్న జాగ్రత్తతో తొట్లను కింది మడుగు నీటితోనే నింపాం. అవి కూడా మూడు రోజుల్లో తెల్లబడ్డాయి. దాంతో జబ్బు గుడ్లలోనే ఉందన్న తప్పుడు నిర్ణయానికి వచ్చాను. ఇప్పుడు ఆ నోట్సు చదివితే ఆ ప్రయోగంలో పోల్చి చూసేందుకు రెండో నీరు ఏదీ లేదన్న విషయం మొదటి పంక్తిలోనే కనిపిస్తుంది. గుడ్లకు చోటు మారింది గానీ నీరు మారలేదు.

నాలుగో ఏడాది రెండు పనులు చేశాం. తొట్లను వాన నీటితో నింపాం, గుడ్లు పొదిగాయి. ఆ సంతోషం వారం నిలవలేదు. కదలిక లేని, పగలు వేడెక్కే ఆ నీటిలో, గీరి తినడానికి రాళ్ల మీది పాచి కూడా లేని చోట తోకకప్పలు ఒక్కొక్కటిగా చనిపోయాయి. వాగులో పుట్టవలసిన జీవిని తొట్టిలో పెంచడానికి కావలసిన నైపుణ్యం గానీ ఏర్పాట్లు గానీ మా దగ్గర లేవు. ఆ పని అక్కడితో ఆపేశాం. అయితే గుడ్లలో లోపం లేదని మాత్రం ఆ తొట్లే చెప్పాయి, వాన నీటిలో అవి పొదిగాయి కదా.

రెండోది నీడ. అంతకు ముందటి వానాకాలంలో కింది మడుగు పక్కన ఒక పెద్ద చెట్టు కూలి, పైన ఆకాశం కనిపించేంత ఖాళీ ఏర్పడింది. ఎండ నేరుగా నీటి మీద పడుతోంది కాబట్టి వేడే కారణమై ఉంటుందన్న ఊహ సబబుగానే తోచింది. మడుగు మీద నీడ వల కట్టి, నీటిలో ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం పెట్టాం. నీరు చల్లబడింది. గుడ్లు మునుపటిలాగే చనిపోయాయి. తర్వాతి వానకు వల కొట్టుకుపోయి, దిగువన రాళ్ల మధ్య ఇరుక్కుంటే దాన్ని వెతికి తీయడానికి ఒక రోజంతా పట్టింది.

అసలు ఆధారం దొరికింది ఆ వల వెతుకుతున్నప్పుడు కాదు, ఆ ముందు రోజు సాయంత్రం, నేను అలవాటుగా వెళ్లే దారి వదిలి పైకి నడిచినప్పుడు. పై మడుగులోనూ ఒక గుడ్ల దండ ఉంది. అదే వానకు, దాదాపు అదే రాత్రి పెట్టిన గుడ్లు. అందులో చుక్కలు సాగి, కొసన సన్నని తోకలు వచ్చి, ముట్టుకుంటే జిగురు లోపలే కదిలాయి. రెండు మడుగుల మధ్య దూరం నలభై అడుగులు. వాన ఒకటే, కప్పలూ ఒకే గుంపువి. పై మడుగు మీద కొమ్మల కప్పు చిక్కగా ఉన్న మాట నిజమే గానీ, నీడ ప్రయోగం ఆ తేడాకు అప్పటికే విలువ లేకుండా చేసింది. మిగిలింది ఆ నలభై అడుగుల మధ్యలో నీటికి ఏదో కలుస్తోందన్న ఒక్క ఆలోచనే.

మర్నాడు కింది మడుగు ఒడ్డును మోకాళ్ల మీద కూర్చుని అంగుళం అంగుళం చూశాను. నీటి అంచున ఒక చదును రాయి మీద లేత నీలం రంగు ఎండిపోయిన చారిక ఉంది, గోటితో గీకితే సున్నంలా పొడి రాలింది. దాని పక్కన బురదలో గుండ్రని వలయం ముద్ర, ఒక డ్రమ్ము అడుగు అంత వెడల్పున. తోట పెద్దాయనను పిలిచి చూపిస్తే ఆయన తడుముకోకుండా చెప్పారు: "మందు కొట్టేవాళ్లు డ్రమ్ము పెట్టేది ఇక్కడేనమ్మా. నీళ్లు దగ్గర కదా."

బోర్డో మిశ్రమం

వక్కతోటలకు వానాకాలంలో పెద్ద భయం కొళె రోగం, అంటే కాయకుళ్లు. ఫైటాఫ్తోరా అనే సూక్ష్మజీవి వల్ల, ఎడతెరిపి లేని వానల్లో గెలలు కుళ్లి కాయలు రాలిపోతాయి. దానికి తరతరాలుగా వాడుతున్న మందు బోర్డో మిశ్రమం: 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మొదటి విడత రుతుపవనాలు ఊపందుకునే ముందు, రెండో విడత 40 నుంచి 45 రోజుల తర్వాత గెలల మీద కొట్టాలి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు. రాగి శిలీంధ్రాలకే కాదు, నీటిలో పెరిగే గుడ్లకూ తోకకప్పలకూ చేపపిల్లలకూ విషం. నీటిలో కాల్షియం వంటి లవణాలు బాగా ఉంటే రాగి అయాన్లు జీవి శరీరానికి అంటకుండా అవి కొంత అడ్డుపడతాయి. వాన నీటితో నిండే ఈ కొండ వాగుల్లో లవణాలు బహు తక్కువ, నీరు చాలా మృదువు. బావి నీటిలో పెద్దగా హాని చేయని మోతాదు కూడా ఇక్కడ ప్రమాదమే.

అయితే ఆ తోటలో బోర్డో మిశ్రమం కొత్త కాదు, పెద్దాయన తాత కాలం నుంచీ ఉంది. మరి ఈ రెండు మూడేళ్లలోనే గుడ్లు ఎందుకు చనిపోతున్నాయి? ఈ ప్రశ్న అడగకుండా ముందుకు పోయి ఉంటే కేసు మళ్లీ దారి తప్పేది. జవాబు పనిముట్లలో ఉంది. పూర్వం ఇంటి పెరట్లో కుండల్లో మందు కలిపి, చెట్టెక్కేవాళ్లు చేతి పంపుతో కొట్టేవారు. చెట్టెక్కే మనుషులు దొరకడం కష్టమయ్యాక, నేల మీద నిలబడి పొడవాటి కార్బన్ ఫైబర్ కర్రతో, పవర్ స్ప్రేయర్‌తో కొట్టే కూలి ముఠాలు వచ్చాయి. వాళ్లకు ఒకేసారి డ్రమ్ముల కొద్దీ నీరు కావాలి, అందుకే డ్రమ్ము వాగు ఒడ్డుకు వచ్చింది. ఆ మార్పు జరిగిన ఏడాదీ, పిల్లకప్పలు కనిపించకుండా పోయిన ఏడాదీ ఒకటే.

రాగిని గుర్తించే పరీక్ష కాగితాలతో నీటిని చూశాను. ఏమీ తేలలేదు. అప్పటికి రెండు వానలు పడి వాగు కడుక్కుపోయింది. ఏడాదిలో కొన్ని గంటలు మాత్రమే ఉండే విషాన్ని వేరే రోజు వెతికితే దొరకదు; ఆ కాగితం చెప్పింది ఆ రోజు నీటి సంగతి మాత్రమే. తర్వాతి మందు రోజున పైనా కిందా ఒకే గంటలో సీసాల్లో నీరు పట్టి ప్రయోగశాలకు పంపాం. కింది నీటిలో రాగి ఉంది, పై నీటిలో కనిపించలేదు.

నా వల్ల జరిగిన నష్టం

కారణం తెలిసిన ఉత్సాహంలో నేను అతి సులువైన సలహా ఇచ్చాను. కూతలు మొదలైన రోజు నుంచి పదిహేను రోజులు మందు కొట్టకుండా ఆగమని పెద్దాయనను అడిగాను. గుడ్లు ప్రమాదంలో ఉండేది ఆ కొద్ది రోజులే కదా, వాళ్లు ఆగితే చాలు అన్నది నా లెక్క. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట నా నోట్సులో అలాగే ఉంది: "వాన వస్తేనే ఆ కప్ప దిగుతుంది, వాన వస్తోందనే మేమూ మందు కొడతాం. ఇద్దరం ఒకే మబ్బు చూసి బయల్దేరుతున్నామమ్మా." అయినా ఒప్పుకున్నారు.

ఆ ఏడాది రుతుపవనాలు వచ్చాక వాన తెరిపి ఇవ్వలేదు. తడి గెలకు మందు అంటదు, అంటినా మరు వానకు జారిపోతుంది. పదిహేను రోజులు అనుకున్నది చాలా ఆలస్యమైంది, తోటలో పల్లపు వైపు గెలలు కుళ్లాయి. మాట ఇచ్చినందుకు ఆ కుటుంబం నష్టపోయింది. ఆ సలహా ఇచ్చినప్పుడు, ఆగితే ఏమవుతుందని నేను అడగలేదు, వాతావరణం గురించి నా కంటే ఎక్కువ తెలిసిన మనిషి మౌనాన్ని అర్థం చేసుకోలేదు. కప్పను కాపాడే ఖర్చు మొత్తం ఒక ఇంటి మీద పెట్టి, దానికి పరిష్కారం అని పేరు పెట్టాను. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

పైగా కప్పలూ బతకలేదు. మందు ఆగినన్నాళ్లూ కింది మడుగులో గుడ్లు చక్కగా పొదిగాయి, మా రోగనిర్ధారణ సరైనదేనని అది రుజువు చేసింది. చివరికి ఒక పొడి రోజు దొరికి ముఠా వచ్చినప్పుడు నేను కూడా అక్కడే ఉన్నాను. పగలంతా వాళ్లు కొడుతుంటే తుంపర ఎక్కడ పడుతోందో కాగితాలు పెట్టి చూశాను. గెలల మీద, మట్టల మీద, చెట్ల మొదళ్ల మీద పడింది. వాగు వైపు చివరి రెండు వరుసల దగ్గర తప్ప నీటిలోకి వచ్చింది స్వల్పం. సాయంత్రం పని అయిపోయాక డ్రమ్ములో మిగిలిన మందును ఒకతను మడుగు పక్కకు వంచి పోశాడు. తర్వాత డ్రమ్మును వాగు నీటితో మూడు సార్లు తొలిచి అక్కడే కుమ్మరించాడు. పైపును నీటిలో పడేసి మోటారు నడిపాడు. మడుగు కొద్ది క్షణాలు లేత నీలంగా మారి, మళ్లీ తేటపడింది. అతను చేసింది ఏ పనివాడైనా చేసేదే, పనిముట్టును శుభ్రం చేసి ఇవ్వడం. మర్నాటి ఉదయానికి ఆ మడుగులో కదిలే తోకకప్ప లేదు.

నేను మందు మొత్తాన్ని శత్రువుగా చూశాను. హాని చేస్తున్నది గెలల మీద పడే మందు కాదు, సాయంత్రం అరగంటలో ఒకే చోట కుమ్మరించే కడుగునీరు. అంటే మార్చవలసింది మందు కొట్టే కాలాన్ని కాదు, కలిపే చోటును.

పనిచేసినవి

ఆరో ఏడాది పెద్దాయన ఇంట్లో వాళ్లతో కూర్చుని ఏర్పాటు చేసుకున్నాం. ఈసారి ముందుగా వాళ్ల లెక్కలు విన్నాను. ఇంటికి పైనుంచి పైపులో నీరు ఎలాగూ వస్తోంది కాబట్టి మందును పూర్వంలా పెరట్లోనే కలపాలని పెద్దాయనే అన్నారు. పెరటి నుంచి తోటలోకి పొడవు పైపు లాగాలంటే ముఠాకు అదనంగా సగం రోజు పని. ఆ కూలిలో సగం కుటుంబం, సగం మా పరిశీలన నిధి భరించేలా అనుకున్నాం. డ్రమ్ములూ పైపులూ కడిగిన నీరు పోయడానికి వాగుకు దూరంగా, వాలుకు అవతలి వైపు ఒక గుంట తవ్వి, అడుగున మట్టీ సున్నమూ పరిచాం. వాగును ఆనుకుని ఉన్న చివరి రెండు వరుసల చెట్లకు మందు కొట్టడం మానేసి, గెలలకు పాలిథిన్ సంచులు కట్టాం. వానకు ముందే గెలను కప్పడం కాయకుళ్లుకు తెలిసిన విరుగుడే, తోటంతా చేయాలంటే కూలి తట్టుకోలేరు గానీ రెండు వరుసలకు సాధ్యమే.

ఇంకొక విషయం పెద్దాయన దగ్గరే నేర్చుకున్నాను. సున్నం సరిపోయిందో లేదో చూడటానికి ఆయన కలిపిన మందులో ఇనుప కత్తి కొసను ముంచి పట్టుకుంటారు. కత్తికి ఎర్రటి పూత పడితే రాగి ఇంకా విడిగా ఉందని, సున్నం మరికొంత కలపాలని అర్థం. విడి రాగి లేత ఆకును మాడుస్తుందని రైతులు ఆ పరీక్ష చేస్తారు. నీటిలో కరిగి ఉన్న రాగే గుడ్లకూ ఎక్కువ ప్రమాదం కాబట్టి ఆ పరీక్ష మాకూ పనికొచ్చింది. ముఠా కలిపిన మందులో ఆయన కత్తి ముంచి తీసినప్పుడు కొసన పాత పైసా రంగు మెరుపు స్పష్టంగా కనిపించింది. మైలుతుత్తం తూచి వేస్తున్నారు, సున్నం మాత్రం కంటి కొలతతో వేస్తున్నారు. ఆ రోజు నుంచి రెండూ తూచే వేశారు.

సొప్పు, అంటే తోట ఎరువుకు ఆకు, సేకరించడంలో కూడా ఒక మార్పు అడిగాను: వాగుకు రెండు వైపులా పది అడుగుల మేర రాలిన ఆకును ఊడ్వకుండా వదిలేయమని. పిల్లకప్పలు నీటి నుంచి బయటికి వచ్చిన మొదటి రోజుల్లో చర్మం ఎండిపోకుండా దాక్కునేది ఆ తడి ఆకుల కిందే. ఇది గుడ్ల చావుకు కారణం కాదు కాబట్టి దీని ఫలితాన్ని విడిగా చూపలేను. అయినా గుడ్లు బతికాక తర్వాతి మెట్టులో అవి పోకూడదన్నది నా ఆలోచన.

ఆ ఏడాది మందు వేళకే కొట్టారు, గెలలు నిలిచాయి. కింది మడుగులో గుడ్లు పొదిగాయి. జులైలో ఒక మధ్యాహ్నం, వాన తెరిపిలో, అదే చదును రాయి పక్కనున్న నాచు మీద మొదటి పిల్లకప్ప కనిపించింది. తోక ఇంకా పూర్తిగా పోలేదు, వెనక మొలకలా మిగిలి ఉంది. పెద్దాయన మనవరాలు వంగి చూసి, ఊపిరి తగిలినా ఎగిరిపోతుందేమో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మరుసటి ఏడాది మళ్లీ దెబ్బ తగిలింది. కొత్త ముఠా వచ్చింది, పెద్దాయన ఆ రోజు ఊళ్లో లేరు, డ్రమ్ము నీళ్ల దగ్గరికే వెళ్లింది. ఒక్క సాయంత్రంలో ఆ ఏటి గుడ్లు పోయాయి. మేము రాసి పెట్టిన సూచనల కాగితం పెరటి గోడకే వేలాడుతోంది, అది చదవాల్సిన మనుషులు పెరట్లోకి రానేలేదు. ప్రతి ఏడాదీ మారే కూలీల జ్ఞాపకం మీద ఆధారపడే ఏర్పాటు నిలవదని అప్పుడు అర్థమైంది. పెద్దాయన మాటలతో కాలయాపన చేయలేదు. డ్రమ్ము పెట్టే ఆ చదును చోట నాలుగు వక్క దుంగలు పాతి, మధ్యలో రాళ్లు పేర్చి, ముళ్లకంప వేశారు. అక్కడ ఇక డ్రమ్ము నిలబడదు. కప్పకు మాత్రం ఆ కంప అడ్డు కాదు, దాని మీదుగా జంట ఒకటి నీటిలోకి దిగడం ఎనిమిదో ఏడాది వానల మొదటి రాత్రుల్లో చూశాను.

ఈ కేసు తర్వాత మారిన మా పద్ధతి

కూతల లెక్క ఇప్పుడూ తీస్తున్నాం, అది పెద్ద ప్రాంతంలో ఎక్కడెక్కడ వెతకాలో చెబుతుంది. కానీ ప్రతి వాగుకూ జులైలో మరోసారి వెళ్లి పిల్లకప్పల కోసం నాచు రాళ్లు చూడకుండా ఆ వాగు బాగుందని రాయడం మానేశాం. గుడ్లు చనిపోయిన చోట ముందుగా పైకి నడుస్తాం. బతికిన గుడ్లు ఎక్కడి నుంచి మొదలవుతాయో దొరికితే, కారణం ఆ రెండింటి మధ్యలోనే ఉంటుంది. గుడ్లను తొట్టికి మార్చే ఆలోచన వస్తే, కనీసం రెండు వేరు వేరు చోట్ల నీటితో పోల్చకుండా ఏ నిర్ణయానికీ రాము. నీటి పరీక్షలో ఏమీ రాకపోతే, ఆ నీరు ఏ రోజుదో తేదీ రాసి పక్కన పెడతాం. తోటదారుకు ఏ సలహా ఇచ్చినా, అది తప్పితే నష్టం ఎవరి మీద పడుతుందో ముందుగా ఆయనతోనే చర్చిస్తాం.

అడుగు మడుగులో మాత్రం గుడ్లు ఇప్పటికీ సగానికి పైగా తెల్లబడుతున్నాయి. రాగి మట్టిని అంటిపెట్టుకుని చాలాకాలం ఉంటుంది. ఏళ్ల తరబడి పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు ఆ గుంటలోనే దిగింది. దాన్ని తవ్వి తీస్తే కదిలిన బురద దిగువ వాగు మొత్తానికి పాకుతుంది కాబట్టి ముట్టుకోలేదు. ఏటా మే నెల మొదట్లో ఆ మడుగు అడుగు మట్టిని ఒక సీసాలోకి తీసి, పై మడుగు మట్టితో పాటు పరీక్షకు పంపుతున్నాం, అడుగు మడుగులో పొదిగిన గుడ్లను కింది మడుగు లెక్కలో కలపకుండా విడిగా రాస్తున్నాం.